ఒకటి నిండుగా, ఎనిమిది మసకగా

ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లలో చాలామంది బల్ల మీదికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే చిన్న బోర్డు గురించే ఈ నాలుగు మాటలు.

నాలుగంకెల ఎల్‌ఈడీ డిస్‌ప్లేలో చుక్కలతో కలిపి 32 సెగ్మెంట్లుంటాయి. మల్టీప్లెక్సింగ్ పుణ్యమా అని వాటికి 12 తీగలే చాలు: సెగ్మెంట్లకు 8, అంకెలకు 4. ఏ క్షణంలోనైనా వెలిగేది ఒక్క అంకే, కంటికి మాత్రం నాలుగూ కనిపిస్తాయి. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 కాలిక్యులేటర్ తన ఎర్రని అంకెలను ఇలాగే వంతులవారీగా వెలిగించింది.

ఇక చిక్కు. కామన్ కాథోడ్ బోర్డులో 1 నిండుగా వెలుగుతుంది, 8 మసకబారుతుంది. వెంటనే డిస్‌ప్లేను పీకి పారేసేవారే ఎక్కువ. అది తొందరపాటు, రోగమేమిటో ఆ రెండంకెలే చెబుతున్నాయి. సెగ్మెంటుకు 20 మిల్లీఆంపియర్ల లెక్కన 1కి 40 సరిపోతే, 8కి 140 కావాలి. అదంతా ఆ అంకెను వెలిగించే ఒక్క ట్రాన్సిస్టర్ గుండానే పోవాలి. దాని బేస్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే, 5 వోల్టుల పిన్ నుంచి అందేది సుమారు 0.43 మిల్లీఆంపియరే. గెయిన్ 100 అనుకుంటే కలెక్టర్ కరెంటు 43 దగ్గరే ఆగిపోతుంది. పైగా ఆ ట్రాన్సిస్టర్ బీసీ 547 అయితే దాని పరిమితి 100 మిల్లీఆంపియర్లే. దాని బదులు బీసీ 337 వేసి, బేస్ రెసిస్టర్‌ను 330 ఓమ్‌లకు తగ్గిస్తే 8 కూడా నిండుగా వెలుగుతుంది, కాకపోతే ఆ పిన్ 13 మిల్లీఆంపియర్లు ఇవ్వగలగాలి.

స్కానింగ్ నడుస్తుండగా మల్టీమీటర్ చూపేది సగటే. అందుకే ఆసిలోస్కోప్ లేనిచోట ప్రోగ్రామును ఒక్క అంకె దగ్గర ఆపి కొలవడం మేలు. కలెక్టర్, ఎమిటర్ల మధ్య వోల్టు దాటితే ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ కాలేదన్నమాట.

కామన్ యానోడ్‌లో ఇంకో గొడవ. పీఎన్‌పీ ఎమిటర్ 12 వోల్టుల మీద ఉంటే, 5 వోల్టుల పిన్ దాన్ని ఎప్పటికీ ఆఫ్ చేయలేదు. అంకెలన్నీ ఒకేసారి వెలిగి కలగాపులగమవుతాయి. మధ్యలో ఒక ఎన్‌పీఎన్ పెట్టాల్సిందే.

పక్క అంకె నీడలా కనిపిస్తే ముందు ప్రోగ్రాములో వరస చూడాలి: పాత అంకెను ఆర్పి, సెగ్మెంట్లు మార్చి, ఆ తర్వాతే కొత్తదాన్ని వెలిగించాలి. అప్పటికీ నీడ పోకపోతే ట్రాన్సిస్టర్ ఆఫ్ కావడానికి ఆలస్యమవుతోంది. మధ్యలో కొన్ని మైక్రోసెకన్ల విరామమిచ్చి, బేస్, ఎమిటర్ల మధ్య ఒక రెసిస్టర్ వేస్తే సరి.