పేడ చూశాకే మందు

 

1955లో మొదలైన ఈ తిరుపతి పశువైద్య కళాశాల నుంచి కొత్త పశువైద్యులుగా వెళ్తున్న మీలో కొందరికి సూళ్లూరుపేట వైపు ఉద్యోగం రావచ్చు. అటు పులికాట్ సరస్సు, ఇటు కాళంగి నది, ఊళ్లలో చెరువులు, వాటి కింద వరి. ఈశాన్య రుతుపవనాలకు నిండిన చెరువులు సంక్రాంతి దాటాక తీస్తాయి. నీరు తీసిన చోట పచ్చిక లేస్తుంది. మేత కరువైన ఆవులూ గేదెలూ అక్కడికే పోతాయి. నత్తల్లో పెరిగి బయటపడిన జలగల (పశువు కడుపులో చేరే నట్టల) పిల్లలు ఆ గడ్డినే అంటుకుని ఉంటాయి.

ఆ గడ్డి మేసిన పశువు కొద్ది వారాలకు పారుకుంటూ మీ దగ్గరికొస్తుంది. దవడ కింద నీరు దిగి ఉంటుంది. పేడ నీళ్లలా, భరించలేని కంపు. స్లైడు మీద ఒక్క గుడ్డూ కనబడకపోవచ్చు. అంతమాత్రాన నట్టలు లేవని రాసి పంపేయకండి. పొట్ట జలగల పిల్లలు ఇంకా చిన్నపేగులోనే ఉండి, గుడ్లు పెట్టే ఈడు రాకపోయి ఉండవచ్చు. ఆ పేడను జల్లెడలో పోసి కడగండి. నూకగింజంత ఎర్రటి పిల్ల జలగలు కంటికే కనిపించవచ్చు. పెద్దవయ్యాక గుడ్లే ఆనవాలు చెబుతాయి: కార్జపు జలగ గుడ్డు పసుపుపచ్చగా, పొట్ట జలగ గుడ్డు రంగు లేకుండా ఉంటుంది.

ఏ నట్టో తేలకుండా మందు ఎలా రాస్తాం? ఐవర్‌మెక్టిన్ కనిపెట్టినవారికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది, నిజమే. కానీ అది జలగల మీద పనిచేయదు. వాటికి ఆక్సిక్లోజనైడ్ లాంటిది కావాలి. చూడి తొలి నెలల్లో ఆల్బెండజోల్ వద్దు. గేదె దూడలకు ఏలికపాములు తల్లిపాలతోనే వస్తాయి కాబట్టి రెండో వారంలోనే మందు పట్టించాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మోతాదు సంగతి. బరువు కంటితో అంచనా కట్టి, సగం మందు పోసి, ఏటా అదే సీసా వాడితే చావని నట్టలే మిగిలి సంతతి పెంచుకుంటాయి. ఆ తర్వాత పేదరైతు కొన్న మందు నీళ్లపాలే. టేపుతో ఛాతీ కొలిచి బరువు కట్టండి. మందు పట్టించిన రెండు వారాలకు మళ్లీ పేడ తెప్పించి చూడండి.

మీరు చేరే ఆస్పత్రిలో మైక్రోస్కోపు మూలనపడి ఉంటే ముందు దాన్ని బయటికి తీయించండి. లేకపోతే పట్టుబట్టి తెప్పించుకోండి.