షామియానా వాళ్ళది, ఉగ్రాణం తాళం మనది



కిందటిసారి ఈ కార్యక్రమంలో టాక్సుల గురించి మాట్లాడాక ఒక పెద్దమనిషి నాకు ఫోన్ చేశారు. "మా కాగితాలన్నీ క్లౌడ్‌లో దాస్తామన్నారు కదా, ఆ క్లౌడ్ అనేది అసలు ఎక్కడుందండీ? అక్కడ మా సోషల్ సెక్యూరిటీ నంబర్లకు కాపలా ఎవరు?" అని అడిగారు. అప్పటికి ఏవో రెండు ముక్కలు చెప్పి తప్పించుకున్నాను గాని, అది రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు. అందుకని ఇవాళ మొత్తం సమయం దానికే పెడుతున్నాను.

ముందే ఒక మాట. నేను కంప్యూటర్ ఇంజనీర్ని కాను. న్యూజెర్సీలో చాలా ఏళ్ళుగా టాక్సు రిటర్నులు, చిన్న వ్యాపారాల పద్దులు రాసుకుంటున్నవాణ్ణి. ఈ దేశంలో కంప్యూటర్ ఇంజనీర్ కాని తెలుగువాడు దొరకడమే అరుదు కాబట్టి, నా మాటకి ఆ మాత్రం విలువైనా ఇస్తారని ఆశ. పైగా ఈ వ్యవహారంలో నేను ఒకసారి మునిగాను, ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. మునగడం అంటే నిజంగా నీళ్ళలో మునగడమే.

2012 దాకా మా ఆఫీసు దస్త్రాలన్నీ ఒక సర్వర్లో ఉండేవి. ఆ సర్వర్ బేస్‌మెంట్లో ఉండేది. చల్లగా ఉంటుంది, రొద వినపడదు, పైన ఒక గది అద్దె కలిసొస్తుంది అని అక్కడ పెట్టాం. రోజూ సాయంత్రం క్రమం తప్పకుండా బాకప్ తీసేవాళ్ళం. తీసి, ఆ డ్రైవుని భద్రంగా తీసుకెళ్ళి సర్వర్ నెత్తినే పెట్టేవాళ్ళం! ఆ ఏడు అక్టోబరు 29 రాత్రి శాండీ తుపాను వచ్చింది. సముద్రం రారిటన్ నదిలోకి ఎగదన్ని, సేర్‌విల్, సౌత్ రివర్ ఊళ్ళలో ఏటి పక్క వీధుల్ని ముంచేసింది. మేము మెట్లు దిగి చూసేసరికి మూడు రోజులు పట్టింది. సర్వరూ, దాని నెత్తిన బాకప్పూ, రెండూ ఒకే బురదలో ఉన్నాయి.

ఎక్స్‌టెన్షన్ల గడువు అక్టోబరు 15తో అయిపోవడం ఒక్కటే మా అదృష్టం. వెళ్ళవలసిన రిటర్నులు వెళ్ళిపోయాయి. కాని పాత రికార్డులు? ఆ చలికాలమంతా క్లయింట్లకు ఫోన్లు చేసి "మీ దగ్గర నిరుటి కాపీ ఏమైనా ఉందా అండీ" అని అడుక్కున్నాం. పురోహితుడు పెళ్ళివారి దగ్గరికి వెళ్ళి మంత్రాలు అడిగినట్టు ఉండేది నా పరిస్థితి.

ఆ తరవాతి ఏడు క్లౌడ్‌లోకి మారాం. మారేముందు నాకు నేను చెప్పుకున్న సమాధానం మీకూ చెబుతాను. మా చిన్నప్పుడు తెనాలి పక్క మా ఊళ్ళో పెళ్ళి జరిగితే పందిరి సామానూ, వంటపాత్రలూ, కుర్చీలూ ఎవరూ కొనేవారు కాదు. షామియానా కొట్టువాడు తెచ్చి వేసేవాడు, పెళ్ళయ్యాక విప్పుకుపోయేవాడు. వెయ్యిమంది వస్తే వెయ్యిమందికి, రెండొందలమంది వస్తే రెండొందలమందికి. క్లౌడ్ కంప్యూటింగ్ అంటే సరిగ్గా ఇదే. అమెజాన్ 2006లో తన కంప్యూటర్లలో చోటుని ఇలా అద్దెకివ్వడం మొదలుపెట్టింది. తరవాత మైక్రోసాఫ్ట్, గూగుల్ వచ్చాయి. మబ్బు అని పేరేగాని అది నేల మీదే ఉంది. ఉత్తర వర్జీనియాలో లౌడన్ కౌంటీలో కారులో వెళుతుంటే కిటికీల్లేని పెద్దపెద్ద గోడౌన్లలాంటి భవనాలు కనిపిస్తాయే, అవే మన మబ్బులు. 2022 నవంబరులో హైదరాబాదులో కూడా అమెజాన్ అలాంటి కేంద్రాల సముదాయం తెరిచింది.

మా వ్యాపారానికి ఈ పద్ధతి చేతికి తొడుగులా సరిపోయింది. జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా మాకు పెళ్ళివారిల్లే. ఆ మూడున్నర నెలలూ ఆరుగురం పనిచేస్తాం, మిగతా ఏడాదంతా ఇద్దరం. ఆరుగురికి సరిపడా సర్వర్ కొని ఎనిమిది నెలలు ఊరికే పడేసుకోవడం కన్నా, ఆ మూడు నెలలకే అద్దె కట్టుకోవడం మేలు. దీని అసలు విలువ 2020 మార్చిలో తెలిసింది. కోవిడ్ వచ్చి ఆఫీసు తలుపులు మూశాం. ఆ ఏడు గడువు జులై 15కి జరిపారు గాని, మేము ఒక్క రోజు కూడా పని ఆపలేదు. అందరం ఎవరి వంటింటి బల్ల దగ్గర వాళ్ళు కూర్చుని పనిచేశాం. సర్వర్ బేస్‌మెంట్లో ఉండి ఉంటే నా పని గోవిందా!

అద్దె మాత్రం చవక అని చెప్పను. నెలకింత అని కడుతూ పోతే ఐదారేళ్ళలో ఒక మంచి సర్వర్ కొన్నంత అవుతుంది. పైగా మనిషికింత లెక్క, జాగాకింత లెక్క, కొన్నిచోట్ల మన సామాను మనం బయటికి తీసుకుపోవడానికి కూడా లెక్క. చేరేముందు "వెళ్ళిపోవాలంటే నా ఫైళ్ళు నాకెలా ఇస్తారు, ఎంత పుచ్చుకుంటారు" అని అడగండి. సరిగ్గా జవాబు చెప్పనివాడి దగ్గర చేరకండి.

ఇక చెయ్యి కాల్చుకున్న కథ. 2018 ఫిబ్రవరి. ఒక క్లయింటు రిటర్ను ఎలక్ట్రానిక్‌గా పంపితే తిరిగొచ్చింది. ఈ సోషల్ సెక్యూరిటీ నంబరుతో ఇదివరకే రిటర్ను దాఖలయింది అని. భార్యాభర్తల్లో ఎవరో ముందే పంపేశారేమో అనుకున్నాను. మర్నాడు ఇంకొకటి. వారం తిరిగేసరికి పదకొండు. పదకొండు కుటుంబాల పేరుతో ఎవరో ముందుగానే దొంగ రిటర్నులు పెట్టి రిఫండులు కాజేసే పనిలో ఉన్నారు. ఆ పదకొండుమందికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, నేను.

క్లౌడ్ కంపెనీని తిట్టుకుంటూ వాళ్ళకి ఫోన్ చేశాను. వాళ్ళు శాంతంగా లాగిన్ చిట్టా తెరిచి చూపించారు. ముందటేడు సీజన్లో మా దగ్గర పనిచేసి ఏప్రిల్లో మానేసిన అమ్మాయి ఖాతా అది. నేను మూయలేదు. ఆ అమ్మాయి అదే పాస్‌వర్డుని ఇంకేదో షాపింగ్ సైటులో కూడా వాడింది, అక్కడ దొంగలపాలైంది. తెల్లవారుఝామున మూడింటికి ఎవరో సరైన పేరుతో, సరైన పాస్‌వర్డుతో, తలుపు తీసుకుని దర్జాగా లోపలికి వచ్చారు. గోడలు ఎవరూ బద్దలు కొట్టలేదు. ఆ చిట్టా ఎప్పుడూ అక్కడే ఉంది, నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

ఐ.ఆర్.ఎస్.కి చెప్పాం. పదకొండు కుటుంబాల చేత 14039 ఫారం మీద సంతకాలు పెట్టించి, రిటర్నులు కాగితం మీద పోస్టులో పంపాం. రిఫండులు నెలల తరబడి ఆగాయి. అంతవరకు అందరూ ఓర్చుకున్నారు. కాని అందులో ఒక కుర్ర దంపతులు అప్పుడే ఇల్లు కొనుక్కుంటున్నారు. అప్పిచ్చే బాంకు ఐ.ఆర్.ఎస్. నుంచి ట్రాన్‌స్క్రిప్టు తెప్పించుకుంటే అందులో దొంగ రిటర్ను అంకెలున్నాయి. అది తేలేలోపల క్లోజింగ్ తేదీ దాటిపోయింది, అమ్మేవాళ్ళు ఇల్లు ఇంకొకరికి అమ్మేసుకున్నారు. ఆ దంపతులు ఇప్పటికీ గుడిలో కనిపిస్తే పలకరిస్తారు. మా ఆఫీసుకి మాత్రం మళ్ళీ రాలేదు. వాళ్ళ స్థానంలో నేనున్నా రాను.

మళ్ళీ పెళ్ళి దగ్గరికి వస్తాను. షామియానా వాడు పందిరి వేస్తాడు, అది కూలకుండా చూసుకుంటాడు. కాని సరుకులూ, స్వీట్లూ, వెండి సామానూ పెట్టే ఉగ్రాణం తాళం వాడి చేతికి ఇస్తామా? మా ఇంట్లో ఆ తాళం మా మేనత్త బొడ్లో ఉండేది. ఎవరికి ఏం కావాలన్నా ఆవిడే లేచి తీసివ్వాలి. లడ్డూలు తక్కువైతే ఆవిణ్ణి అడిగేవారుగాని, షామియానా వాణ్ణి ఎవరూ అడగలేదు. క్లౌడ్ కంపెనీల ఒప్పందాల్లో దీన్నే బాధ్యత పంచుకోవడం అంటారు. భవనం, కరెంటు, యంత్రాలు, వాటి కాపలా వాళ్ళది. లోపలికి ఎవరిని రానివ్వాలి, ఎవరికి ఏ గది చూపించాలి, మానేసినవాళ్ళ తాళం ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి, ఇదంతా మనది. ఆ ఒప్పందం మీద నేను చదవకుండానే సంతకం పెట్టాను.

ఇది నాలాంటి చిన్నవాళ్ళకే అనుకోకండి. 2024లో స్నోఫ్లేక్ అనే క్లౌడ్ సంస్థ దగ్గర సమాచారం దాచుకున్న సుమారు 165 సంస్థలకు ఇలాంటి ప్రమాదమే ఎదురైంది. టికెట్‌మాస్టర్, ఏటీ అండ్ టీ లాంటివి కూడా బాధితుల్లో ఉన్నాయి. అక్కడా దొంగిలించిన పాస్‌వర్డులే, అక్కడా రెండో తాళం లేని ఖాతాలే. రెండో తాళం అంటే పాస్‌వర్డు కొట్టాక ఫోనుకి ఒక కోడ్ రావడమో, ఫోన్లో ఒక బొత్తాం నొక్కమనడమో. మన బాంకు లాకరుకి రెండు తాళంచెవులు ఉన్నట్టే. మాలాంటి టాక్సు ఆఫీసులు, ఎంత చిన్నవైనా సరే, ఈ రెండో తాళం పెట్టి తీరాలని 2023 జూన్ నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన అమల్లోకి వచ్చింది. మా సిబ్బంది మొదట్లో విసుక్కున్నారు. ప్రతిసారీ ఫోను వెతుక్కోవాలా అని. వెతుక్కోండమ్మా అన్నాను.

క్లౌడ్‌లో ఉంది కాబట్టి ఇక బాకప్ ఎందుకు అనే ధీమా ఇంకొకటి ఉంది. మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవడం అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. 2014లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ ఉండేది, ఇతరుల ప్రోగ్రాములు భద్రపరిచే వ్యాపారం. దొంగ ఒకడు వాళ్ళ అమెజాన్ ఖాతా అజమాయిషీ చేతికి చిక్కించుకుని, డబ్బు డిమాండు చేశాడు. వీళ్ళు ఖాతా వెనక్కి లాక్కోబోతే, వాడు కనపడ్డవల్లా చెరిపేశాడు. బాకప్పులు కూడా చాలావరకు అదే ఖాతాలో ఉన్నాయి. సుమారు పన్నెండు గంటల్లో అంతా అయిపోయింది, కంపెనీ మూతపడింది. 2021 మార్చి 10న ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే సంస్థ భవనం ఒకటి తగలబడిపోయింది. బాకప్ కూడా అక్కడే పెట్టుకున్న కొందరు రెండూ పోగొట్టుకున్నారు. ఆ వార్త చదివినప్పుడు నాకు నా సర్వరూ, దాని నెత్తిన డ్రైవూ గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పింఛను నిధి తాలూకు క్లౌడ్ ఖాతా, గూగుల్ వైపు జరిగిన పొరపాటు వల్ల మొత్తంగా చెరిగిపోయింది. ఆరు లక్షలకు పైగా సభ్యులు రోజుల తరబడి తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. కాని ఆ నిధివాళ్ళు వేరే కంపెనీ దగ్గర కూడా ఒక కాపీ దాచుకున్నారు. అందరి పింఛను లెక్కలూ తిరిగొచ్చాయి. అంత పెద్ద కంపెనీ చేతిలో ఉన్నా, ఇంకో ముంత నీళ్ళు విడిగా పెట్టుకున్నారన్నమాట.

మనవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక సంగతి చెప్పాలి. చాలా టాక్సు ఆఫీసులకి హైదరాబాదులోనో విజయవాడలోనో పనిచేసే కుర్రాళ్ళు ఉన్నారు. "ఫైళ్ళు వర్జీనియాలోనే ఉన్నాయండీ, వాళ్ళు అక్కణ్ణుంచి చూస్తారంతే" అంటారు. చట్టం దృష్టిలో చూపించడం కూడా ఇవ్వడమే. అమెరికా టాక్సు చట్టం 7216వ సెక్షన్ ప్రకారం, విదేశంలో ఉన్నవారికి క్లయింటు వివరాలు చూపించాలంటే ముందుగా ఆ క్లయింటు సంతకంతో అనుమతి తీసుకోవాలి. మామూలు వ్యక్తిగత రిటర్నుల్లో సోషల్ సెక్యూరిటీ నంబరు కనపడకుండా కప్పాలి, లేదా నిబంధనలు కోరే రక్షణలన్నీ ఉన్నాయని చూపగలగాలి. లేకపోతే అది నేరం కింద లెక్క. వింటున్న క్లయింట్లు కూడా తమ టాక్సులవాణ్ణి ఈ ప్రశ్న అడగండి. మొహమాటం వద్దు. డాక్టర్లకు ఇలాంటిదే వేరే చట్టం ఉంది. రోగుల వివరాలు ఏ క్లౌడ్‌లో పెట్టినా ఆ కంపెనీతో హిపా ఒప్పందం రాసుకోవాలి. ఉచితంగా వచ్చే సొంత ఈమెయిల్ ఖాతాలో ఎక్స్‌రేలు దాచుకునే మిత్రుడొకరు నాకున్నారు. పేరు చెప్పను, ఈపాటికి రేడియో కట్టేసి ఉంటారు.

ఏప్రిల్ 16 పొద్దున టాక్సులవాళ్ళందరూ నిద్రపోతారు. నేనూ మా ఆవిడా మాత్రం కాఫీ పెట్టుకుని కూర్చుని సీజను సిబ్బంది ఖాతాలు ఒక్కొక్కటే మూసేస్తాం. ఆవిడ పేరు చదువుతుంది, నేను మూస్తాను, ఆవిడ టిక్కు పెడుతుంది. తరవాత రెండో కంపెనీ దగ్గరున్న కాపీలోంచి కళ్ళు మూసుకుని ఒక ఫైలు ఎంచి, తెరుచుకుంటుందో లేదో చూస్తాం. ఒక ఏడు తెరుచుకోలేదు. ఫిబ్రవరిలో క్రెడిట్ కార్డు గడువు తీరిపోయిందట, అప్పట్నుంచి కాపీలు తీయడమే ఆగిపోయింది. ఉత్తరాలు వచ్చాయి, ఎవరం చూడలేదు. దాన్ని సరిచేయడానికి ఒక పూట పట్టింది.

నాకిచ్చిన సమయం అయిపోయిందని మన అనౌన్సరు గారు సైగ చేస్తున్నారు. ఆ ఫోన్ చేసిన పెద్దమనిషి వింటూ ఉంటే, అయ్యా, మీ కాగితాలు వర్జీనియాలో ఉన్నాయి. ఇంకో కాపీ వేరే కంపెనీ దగ్గర ఒహాయోలో ఉంది. ఇవాళ్టికి తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి, నా దగ్గరా మా ఆవిడ దగ్గరా. జనవరిలో నలుగురు చేరతారు, అప్పుడు వాళ్ళ పేర్లు కూడా చెబుతాను.