వెబ్‌సైటుకు ఎంత ఇవ్వాలి?

(అరకు లోయ పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మేము తనిఖీకి వెళ్ళిన చోటనల్లా ఒకే ప్రశ్న ఎదురవుతున్నది. "అయ్యా, సంఘానికి వెబ్‌సైటు చేయించుకోమంటున్నారు. ఒకాయన 8 వేలంటాడు, ఇంకొకాయన 80 వేలంటాడు. ఏది న్యాయమైన ధర?" అని. దానికి జవాబు చెప్పే ముందు మా అనుభవంలోని ఒక సంగతి మనవి చేస్తాము.

ఒక సంఘం వోచర్ల ఫైలులో "వెబ్‌సైటు ఖర్చు, 40,000 రూపాయలు" అని ఒక్కటే పంక్తి కనిపించింది. ఎన్ని పేజీలో, ఎవరి పేరున ఉన్నదో ఏమీ రాయలేదు. విచారిస్తే, వెబ్‌సైటు పేరును తయారుచేసినాయన తన పేరుననే నమోదు చేసుకున్నాడు. రెండో ఏడు రుసుము కట్టలేదు. పేరు పోయింది, పేజీలూ పోయాయి. ఆయన ఫోను పనిచేయడం లేదు. లీటరు 40 రూపాయల చొప్పున లెక్క వేసుకుంటే అది 1,000 లీటర్ల పాలు. తెల్లవారక ముందే లేచి, కొండదారిన క్యాను మోసుకువచ్చి, లీటరూ రెండు లీటర్లూ పోసిన వారి సొమ్ము. సంఘంలో ఎవరూ తినలేదు, అయినా పోయింది. అసలు ఆ ఖర్చు పెట్టక ముందు కార్యదర్శి మమ్మల్ని అడిగారు. మాకు తెలియని విషయం గనుక "మీ ఇష్టం" అన్నాము. ఆ తప్పులో మాకూ వాటా ఉన్నది. అందుకే నేర్చుకుని వచ్చి ఈవేళ మీ ముందు మాట్లాడుతున్నాము.

పాలకు మనం ధర ఎలా కడతాము? రంగు చూసి కాదు. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసి కడతాము. వెబ్‌సైటునూ అలాగే విడగొట్టి చూడాలి. అందులో నాలుగు ఖర్చులు ఉంటాయి. ఒకటి, పేరు, దీనిని డొమైన్ అంటారు. రెండు, పేజీలు నిలవ ఉంచే చోటు. దీనిని హోస్టింగ్ అంటారు. మూడు, తయారీ పని. నాలుగు, తరువాత ధరలు, ఫొటోలు మారుస్తూ ఉండే నిర్వహణ. తయారీ ఖర్చు ఒక్కసారిది. మిగిలిన మూడూ ఏటేటా వచ్చేవి. మొదటి ఏడు చవకగా చూపి రెండో ఏటి నుండి పెంచడం ఈ వ్యాపారంలో మామూలే. కనుక "రెండో ఏటికి ఎంత?" అని ముందే అడిగి, కాగితం మీద రాయించుకోవాలి.

తయారీ పనిని రోజుల్లో లెక్కకట్టమనండి. ఉదాహరణకు సంఘం వివరాలు, పాలకవర్గం, పాల ధరల పట్టిక, అమ్మకపు సరుకులు, చిరునామా అని అయిదు పేజీలు అనుకుందాము. పది రోజుల పని, రోజుకు 1,500 రూపాయలు అయితే 15,000. ఆయన జి.ఎస్.టి. నమోదు ఉన్నవాడైతే 18 శాతం కలిపి 17,700. డబ్బు కట్టే ఏర్పాటు కూడా కావాలంటే రోజులు పెరుగుతాయి, ధరా పెరుగుతుంది. పనుల జాబితా ఒకటే రాసి ముగ్గురికీ ఇచ్చి కొటేషన్లు తెప్పించండి. కొలత ఒకటి కానప్పుడు 8 వేలనూ 80 వేలనూ పోల్చడం కుదరదు.

అసలు మీకు అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. పాలన్నీ కేంద్రానికే పోస్తున్న సంఘానికి వెబ్‌సైటు వల్ల ఒక్క లీటరు కూడా పెరగదు. ధరలు తెలపడానికి వాట్సాప్ చాలు. బొర్రా గుహలకు, అరకుకు వచ్చే యాత్రికులకు నెయ్యి, మిరియాలు, కాఫీ అమ్మే సంఘమైతే ఉపయోగం ఉన్నది. అప్పుడైనా పది సంఘాలు కలిసి ఒకటే చేయించుకుని, తలా ఒక పేజీ పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చును.

పేరు కూడా ఆస్తే. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ప్రాంతపు కాఫీ కానిదానికి ఆ పేరు వాడకుండా చట్టం అడ్డుపడుతుంది. వెబ్‌సైటు పేరుకు అటువంటి కాపలా దానంతట అది రాదు. నమోదులో ఎవరి పేరుంటే వారిదే. కనుక నమోదు సంఘం పేరున, సంఘం ఈమెయిలుతో, సంఘం ఫోను నంబరుతో జరగాలి. తాళపు మాటలు, అంటే పాస్‌వర్డులు, సీలు వేసిన కవరులో పెట్టి మినిట్సు పుస్తకంతో పాటు బీరువాలో ఉంచండి. కార్యదర్శి మారిన రోజున అవీ మార్చండి.

డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి. పాలకవర్గ తీర్మానం అయ్యాక కొంత. పేజీలు సిద్ధమయ్యాక కొంత. అయితే వాటిని విశాఖపట్నంలో కాదు, సిగ్నలు సరిగా అందని మన ఊళ్ళో, మామూలు ఫోనులో తెరిచి చూడాలి. బరువైన ఫొటోలు పెట్టి పేజీ తెరుచుకోకపోతే సరిచేయించండి. చివరి విడత, తాళపు మాటలన్నీ చేతికి వచ్చాకనే.

ఈ పని నేర్చిన మన కొండ పిల్లలకు ఒక మాట. అడిగినవారి ముఖం చూసి ధర చెప్పవద్దు, రోజులు రాసి చెప్పండి. సంఘాలకూ ఒక మాట. మన పిల్లవాడే గదా అని ఊరికే చేయించుకోవద్దు. ఊరికే చేసిన పనిని రేపు సరిచేయమని గట్టిగా అడగలేము. న్యాయమైన కూలి కట్టి, గడువుకు ఇచ్చి, పని అడిగి తీసుకోండి.

ఇదివరకే వెబ్‌సైటు ఉన్న సంఘాల వారు ఇంటికి వెళ్ళగానే ఒక పని చేయండి. అది ఎవరి పేరున నమోదై ఉన్నదో, గడువు ఎప్పుడు తీరుతుందో చూసి మినిట్సు పుస్తకంలో రాయండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు మేము మొదట అడిగే ప్రశ్న అదే.