నొప్పికి ఎన్ని మార్కులు?

(యువజన సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలిలలో వారమంతా పనిచేసి, ఉన్న ఒక్క ఆదివారం కూడా మన కోసం వచ్చిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మరీ మరీ కృతజ్ఞతలు.

హాస్టల్ వార్డెన్లుగా మేము రోజూ వినే మాట కడుపునొప్పి. ఆ మాట వెనుక ఆకలి ఉండొచ్చు, నెలసరి ఉండొచ్చు, ఇంటి మీద బెంగ ఉండొచ్చు, నిజమైన జబ్బూ ఉండొచ్చు. మేము వాము నీళ్లిచ్చి పడుకోమంటాం. డిగ్రీ చదివే ఒక అమ్మాయి విషయంలోనూ నెలల తరబడి అదే చేశాం. పరీక్షలు తప్పించుకోవడానికి సాకు అనుకున్నాం. అది మా తప్పు.

చివరికి నగరంలో ఒక ఆసుపత్రికి తీసుకొచ్చాం. అక్కడ ఇంగ్లీషు ప్రశ్నావళి ఒకటి చేతిలో పట్టుకుని, హడావిడిగా తెలుగులో అడిగారు: "నొప్పికి వందకి ఎన్ని వేస్తావమ్మా?" మా అమ్మాయి "ఇరవై" అంది. నొప్పి తక్కువే అని రాసుకున్నారు. సాయంత్రం మాదాపూర్‌లో ఉద్యోగం చేసే మన అమ్మాయి చూడటానికి వచ్చి, పక్కన కూర్చుని గోండిలో మాట్లాడింది. అప్పుడు తెలిసింది, నొప్పికి రాత్రిళ్లు నిద్రే ఉండటం లేదని. మరి ఇరవై ఎందుకన్నావంటే, "బాగాలేనిదానికి ఎక్కువ మార్కులు ఎలా వేస్తాం మేడం?" అంది.

మర్నాడు డాక్టరుగారికి చెప్పాం. మళ్లీ మొదటి నుంచి అడిగారు. ఈసారి లెక్క మారింది, మందూ మారింది.

అలాంటి ప్రశ్నావళుల్లో బాగా పేరున్నది ఐబీఎస్ తీవ్రత స్కోరు. 1997లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ వైద్యులు ప్రచురించారు. నొప్పి ఎంత, పది రోజుల్లో ఎన్ని రోజులు, ఉబ్బరం ఎంత, విరేచనం తీరు తృప్తిగా ఉందా, రోజువారీ బతుకుకు ఎంత అడ్డు అని ఐదు ప్రశ్నలు. ఒక్కోదానికి 100, మొత్తం 500. 75 దాటితే తేలిక, 175 దాటితే మధ్యస్థం, 300 దాటితే తీవ్రం. ఎక్కువ అంకె వస్తే బాధ ఎక్కువని అర్థం. తృప్తి గురించి అడిగేచోట కూడా అసంతృప్తికే ఎక్కువ అంకె. బడి మార్కులకు అలవాటైన పిల్లలు ఇక్కడే తడబడతారు.

మాటలతో ఇంకో చిక్కు. తెలుగులో "కడుపులో మంట" జబ్బు, "కడుపుమంట" అసూయ. "మోషన్ కాలేదు" అంటే మలబద్ధకం, "మోషన్స్ అవుతున్నాయి" అంటే నీళ్ల విరేచనాలు. ఛాతీలో నొప్పి వచ్చినా, నడుము పట్టేసినా "గ్యాస్" అనేస్తాం. ఇక గూడెంలోని అవ్వ పది రోజుల లెక్క చెప్పదు. అంగడి నుంచి అంగడికి లెక్క చెబుతుంది. అలాగని పదిని ఏడు చేస్తే స్కోరు తప్పిపోతుంది. కాబట్టి పది రోజులను అవ్వకు ఎలా గుర్తుచేయాలో ఆలోచించాలి.

గ్రీకు మాట్లాడే రోగుల కోసమైనా, మన కోసమైనా పద్ధతి దాదాపు ఒకటే. ముందు ప్రశ్నావళి హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. ఇద్దరు విడివిడిగా అనువదించాలి. రెండింటినీ కలిపి ఒకటి చేయాలి. అసలు ప్రతి చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. ఎక్కడ తేడా వచ్చిందో వైద్యులతో కూర్చుని చూడాలి. తర్వాత కొందరు రోగులకు చదివి వినిపించి, "ఈ ప్రశ్న నీకేమని అర్థమైంది?" అని అడగాలి. ఆ ఒక్క మాట అడిగి ఉంటే మా అమ్మాయి ఇరవై ఆ రోజే తేలిపోయేది. చివరగా, జబ్బులో మార్పు లేని మనిషిని కొన్నాళ్లకు మళ్లీ అడిగితే ఇంచుమించు అదే స్కోరు రావాలి.

2011 జనాభా లెక్కల్లో గోండి భాష కింద లెక్కకు వచ్చినవాళ్లు 29 లక్షలకు పైనే. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ తెచ్చిన "ఆది వాణి" అనువాద యాప్‌లో గోండి ఉంది. దాని తయారీలో మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీకీ భాగముంది. సంతోషం. కానీ కడుపు ఉబ్బరాన్ని మన ఊళ్లో ఏమంటారో యాప్‌కు నేర్పాల్సింది మనమే. ఆ మాట ఉట్నూరులో ఒకలా, ఆసిఫాబాద్‌లో ఇంకోలా ఉంటే రెండూ రాయాలి.

మీకు ఇంగ్లీషు వచ్చు, తెలుగు వచ్చు, గోండి వచ్చు. ఆ మూడూ వచ్చినవాళ్లు ఆసుపత్రుల్లో కనిపించరు. పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మనూ అవ్వనూ అడగండి: మంట, ఉబ్బరం, తేన్పు, మెలిపెట్టే నొప్పి, వీటిని ఏమంటారని. ఫోనులో వాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. ఊరి పేరు రాసి పెట్టండి. వైద్యులు ఎప్పుడైనా ఈ పని తలపెడితే మన దగ్గర మాటలు సిద్ధంగా ఉండాలి. ఈలోగా మన ఊరివాళ్లెవరైనా ఈ కారిడార్‌లోని ఆసుపత్రికి వస్తే, ఆఫీసు అయ్యాక ఒక గంట వాళ్ల పక్కన కూర్చోండి.

మా అమ్మాయి ఈ ఏడాది పరీక్షలన్నీ రాసింది. ఇప్పుడు హాస్టల్లో ఎవరైనా కడుపునొప్పి అంటే వాము నీళ్లు తర్వాత. ముందు పక్కన కూర్చుని, వాళ్ల భాషలోనే చెప్పమంటున్నాం.

జై సేవా.