అంజలీ ఆదినారాయణరావులు: ఒక కొత్త సంగీత నాటకానికి కథావస్తువు



పాఠశాల ఉత్సవానికి నాటకం కావాలనగానే హరిశ్చంద్రుడో, పాండవోద్యోగ విజయాలో గుర్తుకు రావడం సహజం. అవి మంచి నాటకాలే. అయితే చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగువారికి, ఇదే నగరంలో జీవించిన కళాకార దంపతుల కథ ఒకటి ఎదురుగానే ఉన్నది. వారు నటీమణి అంజలీదేవి, సంగీత దర్శకులు పి. ఆదినారాయణరావు. వారి జీవితాన్ని కొత్త సంగీత నాటకంగా మలచడమెలా అన్నదే ఈ ప్రసంగ విషయం.

కథ రంగస్థలం మీదనే మొదలు కావడం నాటక రచయితకు అదృష్టం. పెద్దాపురంలో పుట్టిన అంజలీదేవి కాకినాడలో నాటకాలాడుతూ పైకి వచ్చారు. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ కార్యకలాపాలలో ఆదినారాయణరావు ముఖ్యులు. ఎస్.వి. రంగారావు కూడా ఆ క్లబ్బులో వేషాలు కట్టినవారే. 1947లో సి. పుల్లయ్య దర్శకత్వంలో 'గొల్లభామ', 1951లో సొంత సంస్థ అంజలీ పిక్చర్స్, ఆపైన 'పరదేశి', 'అనార్కలి', 'సువర్ణసుందరి' వచ్చాయి. కాని సంవత్సరాలు వరుసగా చదివినంత మాత్రాన నాటకం కాదు.

నాటకమంతా ఆ దంపతుల స్థానాలలోనే ఉన్నది. సంస్థకు భార్య పేరు, గోడపత్రికపై భార్య బొమ్మ. హార్మోనియం ముందు కూర్చున్న భర్త ప్రేక్షకునికి కనిపించడు. అందువల్ల కొత్త నాటకంలో హార్మోనియం తెర వెనుక ఉండరాదు. మొదటి రంగం నుంచి చివరి వరకు అది వేదికపై ఒక పక్కన అందరికీ కనబడుతూ ఉండాలి.

అసలు చిక్కు గొంతుతో వస్తుంది. తెరపై అంజలీదేవి అభినయించిన ప్రసిద్ధ గీతాలు ఆమె పాడినవి కావు. 'అనార్కలి'కి ప్రాణం పోసినది జిక్కి గాత్రం. 'సువర్ణసుందరి'లోని యుగళగీతాన్ని ఘంటసాల, జిక్కి పాడారు. మరి వేదికపై అంజలి పాత్రధారిణి పాడవచ్చునా? పాడితే చరిత్ర తప్పుతుంది. రికార్డు వేసి పెదవులు కదిలిస్తే, అది సంగీత నాటకమే కాదు. దీనికొక ఉపాయం ఉన్నది. పూర్వపు రంగస్థలంపై నటీనటులు తమ పాట తామే పాడుకోవలసి ఉండేది గనుక, కాకినాడ రంగాలలో ఆ పాత్రధారిణియే పాడాలి. సినిమా రంగాలు మొదలైన క్షణం నుంచి ఆమె అభినయం మాత్రమే చేయగా, మరొక బాలిక పక్కన నిలబడి అందరికీ కనిపిస్తూ పాడాలి. నాటకం నుంచి సినిమాకు వచ్చిన కళాకారిణి ఏమి పొందినదో, ఏమి వదులుకున్నదో సంభాషణ అవసరం లేకుండానే తెలిసిపోతుంది.

ఆ యుగళగీతం సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాల మాలిక. హిందీ చిత్రంలో దానిని లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. ఉత్సాహం కొద్దీ ఎనిమిదవ తరగతి పిల్లల చేత దానిని పాడించబోవడం సాహసమే. సంగీతం అభ్యసించిన పూర్వ విద్యార్థులకు అప్పగించడం మేలు.

ప్రేక్షకులు తప్పక కోరేది 1963 నాటి 'లవకుశ' సీత. ఆ చిత్రానికి సంగీతం ఘంటసాలది. అంటే ఆమె కీర్తికి శిఖరమైన పాత్ర భర్త బాణీలతో రాలేదు. ఈ రంగంలో హార్మోనియం మౌనంగా ఉండాలి, ఆదినారాయణరావు పాత్రధారి కేవలం వినాలి. 'భక్త తుకారాం' (1973) దగ్గర ఆ వాద్యం మళ్ళీ మ్రోగుతుంది. 1991లో ఆదినారాయణరావు కన్నుమూశారు. అంజలీదేవి 2014 వరకు జీవించారు. ఆ ఇరవైమూడేళ్ళను విషాదంతో నింపక, ఒకటి రెండు నిమిషాలలో ముగించడమే ఉచితం.

ఇక హక్కుల సంగతి. చట్టం ప్రకారం స్వరకర్త మరణించిన తరువాత కూడా అరవై సంవత్సరాలు ఆ స్వరాలపై హక్కు నిలిచి ఉంటుంది. పాఠశాల కార్యక్రమంగా విద్యార్థులు, ఉపాధ్యాయులు తల్లిదండ్రుల ముందు ప్రదర్శించడానికి సడలింపు ఉన్నది. బయటి మందిరంలో టిక్కెట్టు పెట్టి ఆడదలచుకుంటే మాత్రం హక్కుదారుల అనుమతి ముందుగా పొందాలి. అది చేతికి రాకముందే దుస్తులు కుట్టించడం, ఆహ్వానాలు అచ్చువేయించడం తగదు.