పరభాషలో మర్యాదగా అడుగుట

ఒకరిని ఒక వస్తువు అడుగుట చిన్న పనివలె తోచును. కాని పరభాషలో అడుగవలసి వచ్చినపుడు అది కఠిన పరీక్షయే. ఉచ్చారణ తప్పినచో వినువారు "పాపము, ఇప్పుడిప్పుడే నేర్చుకొనుచున్నాడు" అని మన్నింతురు. అడిగిన తీరు తప్పినచో "వీనికి మర్యాద తెలియదు" అందురు. మొదటిది భాషాదోషము, రెండవది గుణదోషముగా ఎంచబడును.

మర్యాద యుండు తావు భాషభాషకును వేరు. తెలుగున అది క్రియ చివర నున్నది. "నీళ్ళివ్వు" అను ఆజ్ఞ "నీళ్ళివ్వండి" అనగానే వేడికోలగును. అన్నా, అక్కా, పెద్దయ్యా అను వరుసలు దానికి తోడు. "దయచేసి" అను మాట మన ఇండ్లలో వినబడుట అరుదు. ఆంగ్లమున క్రియకు "అండి" లేదు. అందుచే మన విద్యార్థి "గివ్ మి వాటర్" అన్నపుడు ఆతని మనసులోని "అండి" త్రోవలోనే జారిపోవును. "ప్లీజ్" చేర్చినను అది ఆజ్ఞవలె వినబడవచ్చును. "కుడ్ ఐ హావ్ సమ్ వాటర్" అని ప్రశ్నగా అడుగుట అచ్చటి తీరు. బ్లమ్-కుల్కా, హౌస్, కాస్పర్ అను విదుషీమణులు 1989లో ప్రకటించిన గ్రంథమున పలు భాషల అభ్యర్థనలను పోల్చి, ఎంత సూటిగా అడుగవచ్చునన్నది భాషకొక విధముగా నుండునని చూపిరి.

ఈ చిక్కు మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములకు క్రొత్తది కాదు. నిజాం పాలనలో 1948 వరకు కచేరీ భాష ఉర్దూ. ఆ భాషలో "తూ, తుమ్, ఆప్" అని మూడు మెట్లు. "ఇమ్ము" అనుటకును "దే, దో, దీజియే" అని మూడు రూపములు. కచేరీకి పోయిన రైతుతో "ఆప్" అనువారెవరు? తాను విన్న "దో" అను రూపమునే అధికారికి తిరిగి వినిపించినచో అది అపరాధము! ఉర్దూ "జరా" మాత్రము "జర"యై మన నాలుకపై నిలిచి, "జర జరుగుండ్రి" అని నేటికిని కోరికను మెత్తబరచుచున్నది.

నేడు అదే కథ బడిలో నడచుచున్నది. మహబూబాబాదు తండాలలో లంబాడీయు, భూపాలపల్లి వైపు కొన్ని గూడెములలో కోయయు ఇంటి భాషలు. అట్టి ఇంటి శిశువునకు తెలుగు పరభాషయే. బడిలో ఆ శిశువు వినునది "రా, కూర్చో, పలక తే" అను మాటలు. శిశువుతో "అండి" అనువారు లేరు. కనుకనే పంతులుగారితో "నువ్వు సుద్ద ఇవ్వు" అనును. అది పొగరు కాదు. మనము వినిపించిన పాఠమే. దానికి నవ్వినను, కసరినను ఆ శిశువు అడుగుటయే మానును. అడుగుట మానిన బిడ్డ దాహముతోనే కూర్చుండును. తెలియని పాఠము తెలియకయే ఇంటికి పోవును.

దీనికి వ్యయములేని ఉపాయములున్నవి. ఉపాధ్యాయుడు అప్పుడప్పుడు పిల్లలతో "రండి, కూర్చోండి" అనవలెను. అంగడి ఆట ఆడించి, కొనువారును అమ్మువారును ఒకరినొకరు గౌరవించి అడుగునట్లు చేయవలెను. తప్పు పలికినపుడు మందలింపక, "సుద్ద ఇవ్వండి అంటున్నావా? ఇదిగో" అని సరియైన రూపమును వినిపించి వస్తువు నీయవలెను. తాను కూడ ఆ బిడ్డ ఇంటి భాషలో నీళ్ళడుగుట నేర్చుకొన్నచో, ఆ తడబాటు ఎట్టిదో తనకును తెలియును.

బడిలోనేకాక, అంగడిలోను, రైలుబండిలోను మన భాషను క్రొత్తగా పలుకువారు మనకు తారసపడుదురు. వారి అడుగు తీరు కటువుగా తోచినపుడు, గుణమును శంకించుటకు ముందు వారికి ఆ మాట నేర్పినవారెవరో యోచింతము.