కొలెస్టరాల్ లెక్కలు, తల్లి మీద నిందలు

(వాడరేవులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒంట్లో కొలెస్టరాల్ తక్కువైతే పిల్లలకి ఆటిజం వస్తుందా అని మీలో ఒకరు అడిగారు. ఆ వెంటనే ఇంకొకరు, "కడుపుతో ఉన్నప్పుడు చేపలు, గుడ్లు సరిగా తినలేదని, అందుకే బిడ్డ ఇలా పుట్టాడని అత్తగారు అంటోందట" అన్నారు. మొదటిది వైద్యశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. రెండోది మన ప్రశ్న. ఈ రెండూ కలిసిపోయి వస్తాయి కాబట్టే ఇబ్బంది.

కొలెస్టరాల్ అనగానే మనకి గుండెజబ్బు గుర్తొస్తుంది. కానీ అది లేకుండా ఒంట్లో ఏ కణమూ నిలవదు. మెదడు మన బరువులో 2 శాతమే అయినా, శరీరంలోని కొలెస్టరాల్‌లో దాదాపు నాలుగో వంతు అక్కడే ఉంటుంది. స్మిత్-లెమ్లీ-ఓపిట్జ్ సిండ్రోమ్ అని చాలా అరుదైన జబ్బొకటి ఉంది. 1964లో దాన్ని గుర్తించారు. ఈ పిల్లల శరీరం కొలెస్టరాల్‌ని సరిగా తయారు చేసుకోలేదని 1993లో తేలింది. వీళ్ళలో సగానికి పైగా పిల్లలకి ఆటిజం లక్షణాలు కనిపించాయి. ఆటిజానికీ కొలెస్టరాల్‌కీ ముడిపెట్టే మాట ముఖ్యంగా ఇక్కడ మొదలైంది.

తర్వాత 2006లో, ఒకరికంటే ఎక్కువమంది పిల్లలకి ఆటిజం ఉన్న అమెరికా కుటుంబాల నుంచి 100 మంది రక్తం పరీక్షించారు. ఈ సిండ్రోమ్ ఒక్కరికీ లేదు. కానీ 19 మందిలో కొలెస్టరాల్ 100 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంది. 2020లో ఇంకో పెద్ద పరిశోధన, ఆటిజం ఉన్నవాళ్ళలో ఆరేడు శాతం మందికి రక్తంలో కొవ్వుల తేడాలున్నాయని చెప్పింది. అంటే కొందరిలో సంబంధం ఉంది. అందరిలోనూ లేదు. ఉన్నచోట కూడా ఇదే కారణమని తేలలేదు. రెండు మూడు రకాల తిండి తప్ప ఇంకేదీ ముట్టని పిల్లల్లో ఈ లెక్కలు తిండి వల్ల కూడా మారొచ్చు.

ఇక గుడ్ల సంగతి. మెదడు తనకి కావలసిన కొలెస్టరాల్‌ని తానే తయారు చేసుకుంటుంది. తిన్నది నేరుగా అక్కడికి చేరదు. ఆ సిండ్రోమ్ ఉన్న పిల్లలకే కొలెస్టరాల్ అదనంగా ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. కొద్దికాలంలో ప్రవర్తనలో తేడా ఏమీ కనపడలేదు. కాబట్టి డబ్బాల్లో పొడులు అమ్మి ఆటిజం నయం చేస్తామనేవాళ్ళకి చెవిపోగులు తాకట్టు పెట్టి డబ్బు కట్టొద్దని ఆ తల్లులకి గట్టిగా చెప్పండి. పిల్లలు గుడ్డు తినడం మంచిదే, అది వేరే విషయం.

తల్లిని దోషిని చేయడం అత్తగార్లతో మొదలైంది కాదు. పెద్ద పెద్ద డాక్టర్లే ఆ పని చేశారు. 1943లో లియో కానర్ ఆటిజాన్ని వర్ణించినప్పటి నుంచే తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువన్న మాట ఉంది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ దాన్నొక పుస్తకంగా నిలబెట్టాడు. బిడ్డను ప్రేమించలేని, ఫ్రిజ్‌లాంటి తల్లులట! ఆటిజం ఉన్న కొడుకుకి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే దీన్ని ఖండించినా, ఎందరో తల్లులు ఏళ్ళ తరబడి ఆ నింద మోశారు. ఆనాడు ప్రేమ కొలిచారు, ఈనాడు రక్తం కొలుస్తున్నారు. కొలిచేది మాత్రం ఆడదాన్నే.

నేను చెప్పిన సిండ్రోమ్ బిడ్డకి రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ రావాలి. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాల్లో ఇలాంటి జబ్బులకి అవకాశం పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నాలుగో వంతు పెళ్ళిళ్ళు దగ్గర బంధువుల మధ్యే. ఆస్తి బయటికి పోకూడదని మేనమామకో బావకో పిల్లనిచ్చింది పెద్దలు. బిడ్డ మాట్లాడకపోతే జవాబు చెప్పాల్సింది మాత్రం ఆ పిల్ల! ఆటిజం అంతా మేనరికం వల్లేనని నేననడం లేదు. అది ఇంకో రకం నింద అవుతుంది.

మీ పని ఎక్కడుందో చెబుతాను. ఏడాదిన్నర దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగని, వేలు పెట్టి చూపించని బిడ్డని "మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతార్లే" అని వదిలేయొద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో చేసే పరీక్షల్లో ఆటిజం కూడా ఉంది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది, 2016 చట్టంలో వైకల్యంగా చేరింది. ఆ సర్టిఫికెట్ కోసం కూలి మానుకుని, బిడ్డను చంకనేసుకుని తిరిగేది తల్లే. ఆమెతో పాటు ఒక కార్యకర్త వెళ్ళాలి. వీలైతే తండ్రిని కూడా బయల్దేరదీయండి.

బిడ్డకి 18 ఏళ్ళు నిండాక సంరక్షకుల్ని నియమించేది కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ. 2022 ఏప్రిల్‌కి ముందు ఈ ఊరివాళ్ళకి జిల్లా కేంద్రం ఒంగోలు, ఇప్పుడు బాపట్ల. భర్త వదిలేసిన తల్లులు కూడా ఆ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ ఊళ్ళల్లో అలాంటివాళ్ళు ఎవరెవరున్నారో ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక రాసుకుందాం.